నడుమ నిలబడని గొంతు

వెనక షెడ్డులో మగ్గాలు ఆగాయి. అన్నాల సుట్టీ ఇచ్చినట్టున్నారు, ఇక వాళ్ళు డబ్బాలు మూసి, తంబాకు నలిపి, లేచి తిరిగి బటన్లు నొక్కే దాకా ఈ వాడకట్టులో చెవి అనేది పనికొస్తుంది, ఆ తర్వాత రాదు, ఏం తేల్చుకున్నా ఈ కాసేపట్లోనే తేల్చుకోవాలి. పాత మిల్లుల ప్రదర్శన పని ఇచ్చిన శీతల్ మేడం కూడా ఈ వేళకే వస్తానంది, కొంతం చౌక్ కూడలి దాకా వచ్చి ఫోన్ చేస్తానంది, ఫోన్ ఇంకా మోగలేదు, మోగితే వినబడుతుందా, వినబడుతుంది, కుడి జేబులోనే ఉంది. ఓంకార్ కుర్చీని కొంచెం ముందుకు జరిపాడు, మళ్ళీ కొంచెం వెనక్కి. ముందు రెండు స్పీకర్లు, వెనక రెండు స్పీకర్లు, నడుమ తాను. బాపు చద్దర్ల మగ్గం ఉండిన చోటే ఇది, మగ్గం పోయినా నేలలోంచి దాని ఇనుప బోల్టులు పోలేదు, కుర్చీ జరిపినప్పుడల్లా కాలికి తగులుతున్నాయి. ఎదురుగా గోడకు మార్కండేయుని పటం. రికార్డులోని గంగుబాయి అత్త గొంతు సరిగ్గా ఆ పటం ఉన్న చోట నుంచి రావాలి. రావడం లేదు. పొద్దుటి నుంచి పెడుతున్నాడు, తీస్తున్నాడు, మళ్ళీ పెడుతున్నాడు, గొంతు గదిలో ఉంది, గదిలో ఏ చోటా లేదు. పటం దగ్గర వెతికితే చెవుల పక్కకు పారిపోతుంది, తల తిప్పితే తలతో పాటు జారిపోతుంది, ఊదిన పొగ లాగా అంతటా ఉండి పట్టుకోవడానికి ఎక్కడా లేదు. తప్పు సౌండ్ కార్డుదైతే బాగుండు. స్పీకరుదైతే బాగుండు. దుకాణం వాడు మోసం చేసి ఉంటే ఎంత బాగుండు, ఇప్పుడే పోయి వాడి చొక్కా పట్టుకోవచ్చు. తన ఎడమ చెవిదైతే మాత్రం ఎవరి చొక్కా పట్టుకోవాలి.

సౌండ్ కార్డు కొత్తది, కంప్యూటర్ డొక్క విప్పి పొద్దున తనే బిగించాడు. పాతదానికి స్పీకర్ల కోసం ఒక్కటే బెజ్జం ఉండేది, స్టీరియోకు అది చాలు, కుడి ఎడమ రెండూ ఒకే పిన్నులో పోతాయి, నాలుగు దిక్కులకు చాలదు. దీనికి బెజ్జాలు వరుసగా ఉన్నాయి, ఒక్కోటి ఒక్కో రంగు. దుకాణం వాడు ముందు స్పీకర్లకు హరా, అంటే ఆకుపచ్చ, అన్నాడు, వెనక వాటికి కాలా అన్నాడు, ఇంటికి తెచ్చి చూపిస్తే బాపు కళ్ళద్దాలు నుదుటి మీదికి ఎత్తి, ఇది హరా కాదు పోపటి అన్నాడు, చిలక రంగు, రంగు తొట్టి కాడ ఈ రెంటికి తేడా తెలియనోణ్ణి నిలబడనియ్యరట. సరే, పోపటి. పోపటి బెజ్జంలో ముందు జత, నల్ల బెజ్జంలో వెనక జత. నారింజ బెజ్జం మధ్యన పెట్టే స్పీకరుకూ, గుండె అదిరించే పెద్ద డబ్బాకూ, ఆ రెండూ తన దగ్గర లేవు, ప్రదర్శన హాలులోనూ ఉండవు, కాబట్టి మధ్య గొంతును ముందు రెండు స్పీకర్లే కలిసి మోయాలి. బెజ్జాల నుంచి యాంప్లిఫయరుకు, యాంప్లిఫయరు నుంచి నాలుగు మూలలకు. ఆ వైర్లు లాగింది బాపే, తాను తెర ముందు కూర్చుని ఉంటే ఆయనే స్టూలెక్కి మేకులు కొట్టి, పడుగు పోగు పట్టినంత తిన్నగా లాగాడు, ఎక్కడా వంకర లేదు, పనిలో వంకర ఉంటే ఆయనకు అన్నం సయించదు. తెర మీద సెట్టింగుల్లోకి పోయి ముందు స్టీరియో ఎంచుకున్నాడు ఓంకార్, రెండు సరిపడ్డాకే నాలుగు. ఎడమ స్పీకరు బొమ్మ నొక్కితే ఎడమది గణగణమంది, కుడి బొమ్మ నొక్కితే కుడిది గణగణమంది. కార్డు తప్పు కాదు, స్పీకర్ల తప్పు కాదు. విడివిడిగా ఇద్దరూ బుద్ధిమంతులే, కలిపి కూర్చోబెడితేనే మాట పడదు, చిన్నాయన పెద్దనాయనల లాగా. అత్త గొంతు మళ్ళీ పెట్టాడు.

'పెండ్లయిన కొత్తల మీ మామ నీళ్ళియ్యి అన్నా అరుసుడే. నేనేం తప్పు జేసిన్నో అని కొంగు నోట్లె పెట్టుకొని ఏడ్సేదాన్ని. తర్వాతెప్పుడో ఎర్కయ్యింది, షెడ్డుల నుంచి వచ్చినోల్ల గొంతే గంత అని. ఒకపారి, నువ్వు మంచిగున్నవే గంగూ అని గూడ గట్లనే అరిసిండు. వాడకట్టంత ఇన్నది. సిగ్గుకు నేను రెండొద్దులు బయిటికెల్లలే.'

ఆ వెంటనే నవ్వు, నవ్వు వెనక బీడీ ఆకు కత్తిరించే చప్పుడు. బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో అత్త ఇంటి గడప మీద రికార్డు చేశాడు, చేతులు ఆపి మాట్లాడవే అత్తా అంటే, చేతులాపితే నోరు గూడ ఆగుతది బిడ్డా అంది. చెవి దగ్గరే ఉన్నట్టుండాలి ఆ నవ్వు, చాటలో కత్తెర ఎక్కడ పెట్టిందో కూడా తెలియాలి. రెండు స్పీకర్లు ఒకే మాటను ఒకే బిగువుతో చెబితే, మాట ఆ రెంటిలో దేనిలోంచీ రాదు, వాటి నడుమ ఏమీ లేని చోట నుంచి వస్తుంది, అదే స్టీరియో. మొదటిసారి అది విన్నది పుణెలో, ఇంకా షెడ్డులో పని చేస్తున్న రోజుల్లో ఎవరిదో పెళ్ళి వీడియో పట్టుకుని స్టూడియోకు పోయినప్పుడు, ఎదుట ఎవరో పాడుతున్నారు, ఎదుట ఎవరూ లేరు, తాను లేచిపోయి పరదా ఎత్తి చూశాడు, స్టూడియో పిల్లలు పడీ పడీ నవ్వారు. నవ్వితే నవ్వారు. ఆ రోజు బస్సులో తిరిగి వస్తూ అదే ఆలోచన, ఉట్టి చోట మనిషిని నిలబెట్టడం, ఇది నేర్చుకోవాలి, మగ్గం మీద పువ్వు లేపినట్టే కదా, పోగుల్లో పువ్వు ఎక్కడుంది, లేదు, అయినా కనబడుతుంది. అప్పుడు వినబడిందిగా. అప్పుడు ఎదుటే వినబడింది. అప్పటికీ ఇప్పటికీ నడుమ షెడ్డులో ఎన్నేళ్ళు.

ఏ షెడ్డులోనైనా మనిషి చోటు ఇంతే, రెండు మగ్గాల నడుమ సందు. ఓంకార్‌కు ఎడమ చెయ్యి వైపు పడింది ఒక పాత మగ్గం, నాడెను తన్నే దాని కొట్టుడు కర్ర వచ్చి తాకినప్పుడల్లా చప్పుడు దవడ ఎముకలో దిగేది. వేస్టు దూది చెవిలో కుక్కుకుంటే బాపు చూసి పీకేశాడు, 'చెవులు మూసుకుంటే మగ్గం ఏడ్సేది ఎట్లింటవ్‌రా' అని, నిజమే, పోగు తెగే ముందు మగ్గం గొంతు మారుతుంది, ఆ మార్పు వినేవాడే నేతగాడు, వినడానికే చెవి, వినీ వినీ చెవి పోవడం. బాపుకు రెండు చెవులూ పోయాయి. ఆయనకు అది బాధ కాదు, వయసుకు మీసం నెరిసినట్టే అది, పక్కింటి వాళ్ళు కూడా ఆయనతో చేతులతోనే మాట్లాడతారు, చేతుల మాటల్లో ఆయన తిట్టినన్ని బూతులు నోటితో ఎవరూ తిట్టలేరు. కానీ బాపు సౌండ్ పని చేయడం లేదు కదా. షీటు నేసేవాడికి చెవి పోతే షీటుకు మచ్చ రాదు.

మగ్గం పని పోయాక తనను వీడియోవాలా అన్నారు, పెళ్ళిళ్ళు, బారసాలలు, పద్మశాలి సమాజం మీటింగులు. ఈ శీతల్ మేడమే మొదటిసారి సౌండ్ మనిషి అంది. వాడకట్టు పిల్లే, పుణెలో చదివి వచ్చింది, పాత మిల్లుల మీద ప్రదర్శన పెడుతోంది, చీకటి హాలులో నడుమ కుర్చీలు, చుట్టూ మగ్గాలు నడుస్తాయి, కనబడవు, వినబడతాయి, వాటి నడుమ అత్త మాట్లాడుతుంది. మగ్గం తెలిసినోల్లకు కంప్యూటర్ రాదు, కంప్యూటర్ వచ్చినోల్లకు మగ్గం తెల్వది, నువ్వే చెయ్యాలె అన్నా అంది. హాలు మొత్తం సౌండ్ నీదే. తర్వాత వేరే ఊళ్ళకు కూడా పోతుందట ఆ ప్రదర్శన. ఇవాళ వచ్చి ఈ కుర్చీలో కూర్చుంటుంది, కళ్ళు మూసుకుంటుంది, గంగుబాయి ఎక్కడ అంటుంది. ఎక్కడ అని చెప్పాలి.

కుడి చెవిలో వేలు పెట్టి మూసుకున్నాడు. అత్త నీళ్ళ కిందికి పోయింది. మాట ఉంది, మాటలోని సకారం లేదు, కత్తెర చప్పుడు అసలే లేదు. వేలు తీశాడు. ఎడమ చెవి మూసుకున్నాడు, అంతా ఉంది, కత్తెర కూడా. వెంటనే తీసేశాడు, ఎవరైనా చూస్తున్నారేమో అన్నట్టు. వేలు గట్టిగా పెట్టలేదేమో. ఒక్కో చెవి ఒక్కో రకంగా మూసుకుంటుంది, చెవిలో గుబిలి ఉంటుంది, నిన్న తలస్నానం నీళ్ళు పోయి ఉంటాయి. బండి మీద భార్య దీపాలి వెనక కూర్చుని ఎడమ భుజం మీదుగా మాట్లాడితే తాను ఆఁ ఆఁ అనడం గాలి వల్ల. ఆ ఆఁ లలో ఒకటి నమ్ముకునే ఆమె తన తమ్ముణ్ణి భోజనానికి పిలిచింది, వాడొచ్చి కూర్చుంటే ఎందుకొచ్చావురా అన్నాడు తాను, ఆ గొడవ పండగ దాకా నడిచింది. శనివారం పేట వీధిలోని పెళ్ళివాళ్ళు మొన్న వీడియోలో మంత్రాలన్నీ ఒక్క దిక్కు నుంచే వస్తున్నాయి అంటే, మీ టీవీ పాడయింది కాకా అన్నాడు. వాళ్ళు వెళ్ళిపోయారు. ఏ దిక్కు నుంచి అని అడగలేదు తాను. అడగాల్సింది. ఎడమ దిక్కు నుంచి అని ఉంటారు, ఎందుకంటే తన చెవికి సరిపోయేదాకా తానే అటు పెంచి ఉంటాడు, ఛీ, ఏం లేదు, వాళ్ళ టీవీయే.

"ఏమయ్యా."

స్పీకర్లోంచా అనుకున్నాడు. అత్త గొంతు కాదు.

"ఓ ఏమయ్యా, గిటు!" ఎడమ దిక్కు గడపలో దీపాలి, ఒళ్ళో చాట, వేళ్ళ నడుమ సగం చుట్టిన బీడీ. "ఎన్నిసార్లు పిల్వాలె? గా ముసలిదాని సంగతి పొద్దుటి నుంచి ఒక్కటే పాట, మామ అరిసిండు, మామ అరిసిండు. మా వాకిట్ల కోడిగ్గూడ నోటికొచ్చింది. అన్నం తింటవా లేదా?"

"థాంబ్ జరా, ఆగు. మేడం వచ్చి పోనియ్యి."

"మేడం వస్తే అన్నం పారిపోతదా?"

ఆమె లోపలికి పోయింది. నాలుగు దిక్కులూ ఒకేసారి పెడితే సర్దుకుంటుందేమో, ఒక్కోసారి అట్లా సర్దుకుంటాయి, తెర మీద స్టీరియో తీసి నాలుగు స్పీకర్ల సరౌండ్ ఎంచుకున్నాడు, వెనక బొమ్మలు నొక్కితే వెనకవి పలికాయి, ఎడమ వెనకది కొంచెం దూరంగా పలికింది, దూరంగా అనిపించింది, మగ్గాలు నడిపించాడు. నడిచాయి, నాలుగు మూలలా నడిచాయి, కానీ అవి మగ్గాలు కావు. కడుపు లేదు వాటికి. కొట్టుడు కర్ర తాకితే కింద నేలలోంచి అరికాలికి రావాలి, రాలేదు, రేకు డబ్బా మీద పుల్లతో కొట్టినట్టుంది. తన చెవి పోతే ఎడమ దిక్కు తగ్గాలి, మగ్గం కడుపెట్లా పోతుంది? ఓంకార్ కుర్చీలోనే బిగుసుకుపోయాడు. అవును, చెవి పోతే చప్పుడు తగ్గుతుంది, బోలు కాదు. లేచి ఎడమ స్పీకరు దగ్గరికి పోతే దాని కడుపు దానికి ఉంది. కుడి దాని దగ్గరికి పోయాడు, ఉంది. నడుమకు వస్తే రెండూ కలిసి ఒకదాన్నొకటి తినేస్తున్నాయి. ఒకటి ముందుకు తోసినప్పుడు ఇంకొకటి వెనక్కి లాగుతున్నట్టు. లాగుతున్నట్టు. ఎడమ స్పీకరును గోడ నుంచి తిప్పి వీపు చూశాడు. జంట వైరు, ఒక దాని మీద తెల్ల గీత. వైరు పట్టే క్లిప్పుల్లో, గీత ఉన్నది నల్ల నొక్కులో ఉంది, గీత లేనిది ఎర్ర నొక్కులో. కుడి స్పీకరు వీపు చూశాడు. గీత ఉన్నది ఎర్రలో. వెనక రెండూ చూశాడు, అక్కడా అంతే, ఒకటి అటు, ఒకటి ఇటు.

"బాపూ!"

బాపు సిద్ధరాములు వాకిట్లో నీడలో గోడకు ఆనుకుని ఉన్నాడు, వినలేదు. ఓంకార్ పోయి భుజం తట్టి, లోపలికి తీసుకొచ్చి, రెండు స్పీకర్ల వీపులూ చూపించి, వేళ్ళతో అటూ ఇటూ తిప్పి, అరిచాడు.

"గిదేంది? ఒక దిక్కు ఎర్రల పెట్టినవ్, ఒక దిక్కు నల్లల పెట్టినవ్!"

"మరి?" అన్నాడు బాపు, ఆయనా అరుస్తూనే. "జోడి గాదుర అది? నువ్వే జోడి అన్నవ్."

"జోడి అంటే రెండు ఒక్కతీరుండాలె!"

"ఒక్కతీరుంటే జోడి ఎట్లయితది? చద్దర్‌కు ఒక మొకం మీద ఎర్ర నేల నల్ల పువ్వు వస్తే, తిప్పితే నల్ల నేల ఎర్ర పువ్వు రావాలె. గప్పుడే సరి. రెండు మొకాలు ఎర్రగనే నేస్తే అది చద్దరా, గోనెపట్టనా? నలబై ఏండ్లు నేసిన, నాకు జెప్తున్నవ్ జోడి!"

దీపాలి గడపలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఓంకార్‌కు మొదట తిట్టు వచ్చింది, తిట్టు నోటిదాకా వచ్చి నవ్వయిపోయింది, కడుపు పట్టుకుని నవ్వాడు, బాపును రెండు భుజాలూ పట్టుకుని ఊపాడు, చద్దర్ నేశాడు ముసలోడు నా స్పీకర్లతో, రెండు మొకాల చద్దర్, వైరు, వైరే, చెవి కాదు. చెవి కాదు! కొట్లాట స్పీకర్లలో ఉంది, నా తలలో లేదు. బాపు విసుక్కుని, పోరనికి ఎండ దెబ్బ తాకింది అని చేత్తో చెప్పి, దీపాలి వైపు చూసి తిరిగి నీడలోకి పోయాడు. నొక్కులు నొక్కి, వైర్లు లాగి, తిప్పి, గీత ఎర్రలో, గీత ఎర్రలో, వెనక కూడా, వైరు కొస గుచ్చుకుని బొటనవేలి మీద రక్తం చుక్క లేచింది, చప్పరించేశాడు. వెనక షెడ్డులో ఎవరో కుళాయి తిప్పారు, చేతులు కడుక్కుంటున్నారు, సుట్టీ అయిపోతోంది. కుర్చీలోకి దూకినట్టు కూర్చుని మగ్గాలు నడిపించాడు. అరికాలికి తగిలింది. అబ్బ, అదీ మగ్గం అంటే. మగ్గాలు ఆపి, మళ్ళీ స్టీరియోకు మార్చి, అత్త ఒక్కతినే పిలిచాడు.

వచ్చింది. పొగ అంతా ఒక్క చోటికి చేరింది, చేరి మనిషయింది, నోరు, పళ్ళు, పళ్ళ సందులో వక్క, కత్తెర, చాట, అన్నీ వచ్చాయి. గాలిలో గీత గీసి చూపించొచ్చు ఇక్కడుంది అని. ఇక్కడ, పటం దగ్గర, కాదు, పటానికి ఇటు, పటానికీ కుడి స్పీకరుకూ నడుమ, గోడ మీద సున్నం పెచ్చు లేచిన చోట. ఓంకార్ కుర్చీ సర్దుకున్నాడు. కుర్చీ వంకరగా ఉందేమో, బోల్టు అడ్డమొచ్చింది. లేచి కొలిచి కూర్చున్నాడు. సున్నం పెచ్చు. కుడి స్పీకరు కొంచెం గట్టిదేమో, ఒక్కో డబ్బా ఒక్కో తీరు, ఇది తేల్చడం చాలా సులభం, సులభం కాకపోయి ఉంటే బాగుండేది. రెండు డబ్బాల చోట్లు మార్చాడు, యాంప్లిఫయరు వెనక కూడా ఎడమ వైరు పీకి కుడి చోట పెట్టాడు, కుడిది ఎడమ చోట. గట్టి డబ్బా ఏదో ఉంటే ఇప్పుడు అత్త అటు పోవాలి, పటానికి ఎడమకు. కార్డు తప్పైనా అంతే, అటు పోవాలి. ఆడించాడు. పెండ్లయిన కొత్తల మీ మామ నీళ్ళియ్యి అన్నా అరుసుడే. సున్నం పెచ్చు దగ్గర. అటు పోలేదు. డబ్బాలు మారాయి, వైర్లు మారాయి, అత్త మారలేదు. గదిలో మారనిది ఇక ఒక్కటే ఉంది, కుర్చీలో ఉంది అది.

బాధ అనుకున్నంత లేదు, అదే విచిత్రం, ఎవరో చాలా రోజుల నుంచి గడప బయట నిలబడి ఉంటే ఇవాళ లోపలికి వచ్చి పీట మీద కూర్చున్నట్టుంది. తెర మీద కుడి ఎడమల గుండీ ఉంది, అది కొంచెం ఎడమకు జరిపితే చాలు, అత్త పటంలోకి పోతుంది, తన వరకు. మేడం వరకు పటం దాటి అటు పోతుంది. శనివారం పేట మంత్రాలు కూడా అట్లాగే పోయాయి. వేలు గుండీ మీద పెట్టి జరపలేదు. జరిపి, మేడం ఏమన్నా అంటే, హాలు వేరు గది వేరు మేడం అనొచ్చు. కార్డు కొత్తది మేడం అనొచ్చు. ఒక సాకు అల్లితే దాని పక్కన ఇంకొకటి దానంతట అదే అల్లుకుంటుంది. డబ్బాలూ వైర్లూ తిరిగి సరైన చోట పెట్టి, లేచి, గడప దగ్గరికి పోయాడు.

"దీపాలీ, జర గీ కుర్చీల కూసో."

"చేతులకు తంబాకున్నది."

"చెవులకు లేదు గద. కూసో."

కూర్చుంది, చాట వదల్లేదు, ఒళ్ళోనే పెట్టుకుంది. అత్తను పిలిచాడు. ఆమె మొదట నవ్వింది, తర్వాత నవ్వు ఆగింది, మెడ కొద్దిగా ముందుకు వచ్చింది.

"ఎక్కడున్నది?"

"అవ్వో! దేవుని పటంల కూసున్నది గదయ్యా ముసల్ది. గట్ల ఎట్ల చేసినవ్?"

"నడుమనేనా? నిజం జెప్పు. గా సున్నం పెచ్చు కాడ లేదా?"

"గాడెందుకుంటది? నడుమనే ఉన్నది." అని, ఆమె అతని మొహం చూసింది, తర్వాత ఎడమ చెవిని చూసింది, దాచుకున్న వస్తువును చూసినట్టు. బీడీకి దారం చుట్టి తెంపి అంది. "నాకెర్కే."

"ఏమెర్క?"

"మార్కండేయ గుల్లె పూజకు కూసుంటే గూడ నన్ను కుడి దిక్కే కూసోమంటవ్. అయ్యగారు తిడ్తడు, పెండ్లాం ఎడమ దిక్కురా అని, అయినా నీకు కుడి దిక్కే గావాలె. మొదట ఏందో ప్రేమనుకున్న. తర్వాత సమజయ్యింది. చెప్తే రేషానికొస్తవని చెప్పలే."

రోషం రావాల్సిందే, రాలేదు, వెతికితే దొరకలేదు. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతిని తాను ఒక్కడే కార్డుల్లో, వైర్లలో వెతుకుతున్నాడు. ఫోన్ మోగింది.

శీతల్ మేడం గాలిలా వచ్చింది, ఓఢ్నీతో మొహం తుడుచుకుంటూ, బాపుకు చేతులతోనే నమస్కారం పెట్టి, చేతులతోనే ఆయన నుంచి ఏదో తిట్టు తిని నవ్వుతూ, లవ్‌కర్, జల్ది పెట్టు అన్నా, మీ వెనకోల్లు మగ్గాలు షురూ జేస్తరు అని వచ్చి కుర్చీలో కూర్చుంది. దీపాలి చాట పట్టుకుని గోడకు జరిగింది. ఓంకార్ తెర మీద నాలుగు దిక్కులూ ఎంచి నొక్కాడు. అత్త మాట్లాడింది, మేడం కళ్ళు మూసుకుని పటం వైపే ముఖం ఉంచింది, పెదవి కొస వంగింది, మంచిగున్నవే గంగూ దగ్గర బయటికే నవ్వింది. అప్పుడు మగ్గాలు లేచాయి, ముందు కుడిది, ముందు ఎడమది, వెనక కుడిది, ఆఖరున వెనక ఎడమది. మేడం అమాంతం అరచేత్తో ఎడమ చెవి మూసుకుంది.

"అబ్బా! అన్నా, బంద్ చెయ్యి! గీ దిక్కుది చంపుతున్నది. ఎందుకు గింత పెంచినవ్?"

ఆపాడు. తెర మీద చూశాడు. నాలుగు గుండీల్లో ముందు ఎడమది కొంచెం లేచి ఉంది, ఎడమ వెనకది మెడ సాచి మిగతా మూడింటినీ దాటి పైకి ఉంది. వారం నుంచి చెవికి తగిలించుకునే డబ్బాలతో కూర్చుని నాలుగు మగ్గాలనూ సమానం చేశాడు, సమానంగా వినబడే దాకా పెంచాడు, ఇదీ సమానం. సాకు నాలుక మీదికి వచ్చింది, కార్డు కొత్తది మేడం, సెట్టింగు ఇంకా కాలేదు, ఎంత సునాయాసంగా వచ్చింది. దీపాలి వేళ్ళు ఆకు చుట్టడం మానేశాయి.

"నాకు గా మగ్గం సరిగ్గనే ఇనబడ్తది మేడం," అన్నాడు. ఎక్కువ గట్టిగా వచ్చింది, షెడ్డులోలా. "నా ఎడమ చెవి పోయింది. ఇయ్యాలనే తేలింది నాకు. గా చెవికి సరిపోయేదాక పెంచిన."

మేడం చెవి మీది చెయ్యి తీయకుండానే అతన్ని చూసింది. ఇక పని పోయింది అనుకున్నాడు, చెప్పేశాక ఆ మాట అంత బరువుగా లేదు.

"మరి గొంతు? గొంతు నడుమనే ఉన్నది గద."

"అది దీపాలి చెప్పింది. నాకు అవుతల ఇనబడ్తది. నేను జరపలే, ఆమె చెవి మీదనే ఉంచిన."

మేడం దీపాలి వైపు తిరిగింది. "వదినా, ఇంట్ల కూసోని చుట్టేదే గద మీ పని? సోమవారం హాలుకు రాగల్గుతరా, ఇద్దరు? హాలు పెద్దది. కుర్చీ కుర్చీకి కూసోని గొంతు యాడున్నదో మీరే చెప్పాలె, అన్న కంప్యూటర్ చూసుకుంటడు."

"నాకేం తెలుస్తది సౌండు!" అంది దీపాలి, వెంటనే, "చాట దెచ్చుకోవచ్చునా?" అంది.

"తెచ్చుకోండ్రి." మేడం చెయ్యి చెవి మీద నుంచి అప్పుడు దిగింది, కానీ పూర్తిగా దిగలేదు, బుగ్గ దగ్గర ఆగింది, ఏదో లెక్క వేస్తున్నట్టు ఓంకార్‌నే చూస్తోంది.

"మగ్గం తగ్గిస్త మేడం," అన్నాడు ఓంకార్, "ఆమెనే అడిగి సమానం జేస్త, ఒక్క నిమిషం..."

"తగ్గియ్యకు. నీ చెవి తిన్న చప్పుడు ఎట్లుంటదో ఇన్నోల్లకు గూడ ఎర్క గావాలె, గట్లనే మల్లొకపారి పెట్టు."

నొక్కాడు. మూడు మగ్గాలు లేచి, నాలుగోది లేచింది. ఆమె చెయ్యి సగం దాకా పైకి వచ్చి, గాలిలో ఆగి, వెనక్కి పోయి ఒళ్ళో ఓఢ్నీ కొసను పట్టుకుంది. దవడ బిగిసింది. కర్ర తాకిన ప్రతిసారీ ఎడమ కన్ను తనకు తానే మూసుకుపోతోంది, అయినా ముఖం అటు నుంచి తిప్పలేదు. అయ్యో, చాలు, ఎందుకీ పిల్లకు అని అతని వేలు గుండీ మీదికి పోయింది. మేడం కళ్ళు తెరవకుండానే వద్దన్నట్టు తల ఊపింది. ఓంకార్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.